పట్టా ఎవరిది?

తెలుగులో పట్టా అనే మాటకు రెండు అర్థాలు. రైలు నడిచే ఇనుప కమ్మీ పట్టా. ఈ నేల మాదని చెప్పుకునే కాగితమూ పట్టానే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ప్రాంతంలో ఇనుప ఖనిజం మోసే రైళ్ల గురించి కొన్నేళ్లుగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఈ రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి ముడిపడిపోతూ వచ్చాయి. ప్రపంచంలోకెల్లా బరువైన రైళ్లు తిరిగేది అక్కడే. వాటి గురించి వచ్చే రాతలు చాలావరకు పొడవు, బరువు, ఇంజన్ల లెక్క దగ్గరే ఆగిపోతాయి. ఆ లెక్క చిన్నదేమీ కాదు, నేనూ దానితోనే మొదలుపెడతాను. అయితే ఆ లైను ఎవరిది, దాన్ని పరిచిన నేల ఎవరిది అని అడగకపోతే ఆ లెక్క సగమే అర్థమవుతుంది.

2001 జూన్ 21న బీహెచ్‌పీ కంపెనీ యాండి గని నుంచి పోర్ట్ హెడ్‌లాండ్ రేవుకు ఒక రైలు నడిపింది. 682 వ్యాగన్లు, 8 డీజిల్ ఇంజన్లు, 7.353 కిలోమీటర్ల పొడవు. అన్నీ కలిపి 99,734 టన్నులు, అందులో ఖనిజమే 82 వేల టన్నులకు పైగా. ఇంజన్లన్నీ ముందే ఉంటే అంత బరువుకు కప్లింగులు తెగిపోతాయి. అందుకని వాటిని రైలు పొడవునా అక్కడక్కడా పెట్టి, మొదటి ఇంజనులోంచి రేడియో సంకేతాలతో నడిపించారు. 275 కిలోమీటర్ల ప్రయాణం, ఒక్కడే డ్రైవరు. మన మామూలు గూడ్సు బండ్లు పదింటిని వరసగా నిలబెట్టినా ఆ పొడవుకు చాలవు. అది రికార్డు కోసం ఒకసారి నడిపిన బండి. రోజూ తిరిగేవి రెండున్నర కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటాయి. ఫార్టెస్క్యూ కంపెనీ బండికి 244 వ్యాగన్లు, దాదాపు 34 వేల టన్నుల ఖనిజం. ఇలాంటివి రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి కాబట్టే పోర్ట్ హెడ్‌లాండ్ రేవు ఒక్కటే ఏడాదికి 50 కోట్ల టన్నులకు మించి సరుకు పంపగలుగుతోంది.

పిల్‌బరా వైశాల్యం దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో సగం కాస్త దాటుతాయి, అంతే. అక్కడి జనం మాత్రం మన మండలం ఒక్కదానిలో సర్దుకుపోయేంత. ఎర్రమట్టి, ఎండిన గడ్డి దుబ్బులు, ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే కనిపించే ఏళ్లు. అక్కడి మార్బుల్ బార్ అనే ఊళ్లో 1923–24లో వరసగా 160 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 37.8 డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఎండకు పట్టాలు సాగి వంకర్లు పోకుండా చూసుకోవాలి. వేసవిలో తుపాను వస్తే రేవు ఖాళీ చేసి ఓడల్ని నడిసముద్రంలోకి పంపెయ్యాలి. ఆ ఎర్ర కొండలు రెండున్నర వందల కోట్ల ఏళ్లనాటి సముద్రపు అడుగులు. తొలి సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్‌తో నీటిలోని ఇనుము కలిసి, తుప్పై పొరలు పొరలుగా పేరుకుంది. ఇవాళ వ్యాగన్లలోకి ఎత్తేది ఆ తుప్పే.

ఇనుము ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు 1890ల నాటికే రాశారు. అయినా 1938లో ఆస్ట్రేలియా ప్రభుత్వం, దేశంలో ఉన్న ఇనుము తమకే చాలదన్న భయంతో, ఖనిజం ఎగుమతిని నిషేధించింది. 1952లో లాంగ్ హాంకాక్ అనే పశువుల ఆసామి చిన్న విమానంలో వెళ్తూ వానకు తడిసిన లోయగోడలు తుప్పురంగులో కనిపించాయని చెప్పుకున్న కథ అక్కడ ప్రతి పిల్లవాడికీ తెలుసు. నిజంగా తలుపు తెరిచింది మాత్రం 1960 డిసెంబరులో నిషేధం సడలించడం, జపాన్ ఉక్కు మిల్లుల ఆకలి. 1966లోనే రెండు లైన్లు పనిలోకి వచ్చాయి. ఒకటి గోల్డ్స్‌వర్తీ నుంచి పోర్ట్ హెడ్‌లాండ్‌కు, ఇంకొకటి టామ్ ప్రైస్ నుంచి డాంపియర్‌కు. 1969లో 426 కిలోమీటర్ల మౌంట్ న్యూమన్ లైను వచ్చింది.

మన కథ కూడా ఇక్కడ మొదలవుతుంది. అదే జపాన్ మిల్లుల కోసం, 1960లో కుదిరిన ఒప్పందం మీద, అదే దశాబ్దంలో బస్తరులోని బైలడిల్లా కొండల నుంచి విశాఖ రేవుకు కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మనం కె.కె. లైను అంటాం. 58 సొరంగాలు తవ్వి, శిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తుకు బ్రాడ్‌గేజ్ పట్టాలు ఎక్కించారు. ఒకే కాలం, ఒకే కొనుగోలుదారు, ఒకే ఎర్రరాయి. అయినా పుట్టిన బిడ్డలు వేరు. పిల్‌బరాలో గని తవ్వుకునే కంపెనీయే రైలూ రేవూ ఊరూ తన ఖర్చుతో కట్టుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం షరతు పెట్టింది. అందుకే ఆ లైన్లు కంపెనీల సొంతం. మన లైను భారతీయ రైల్వేది. అందుకే దాని మీద ఖనిజం రేకుల మధ్య విశాఖ–కిరండూల్ పాసింజరు తిరుగుతుంది, అరకు సంతకు వెళ్లే అమ్మ గంప పట్టుకుని ఎక్కుతుంది. ఇప్పుడు అద్దాల బోగీలో పర్యాటకులూ ఎక్కుతున్నారు.

పిల్‌బరా లైన్లకు ఇంత బరువు మోసే శక్తి వచ్చింది ఈ ఏకాంతం వల్లే. ప్రయాణికుల బండికి దారి ఇవ్వనక్కర్లేదు. స్టేషన్ల లూపులైను పొడవును బట్టి రైలును కుదించనక్కర్లేదు. గని నుంచి రేవు దాకా అంతా ఒక్కరిదే కాబట్టి వ్యాగను, పట్టా, టిప్లరు మూడూ ఒకదానికొకటి సరిపోయేలా కట్టుకోవచ్చు. వ్యాగన్ల కప్లింగు గుండ్రంగా తిరుగుతుంది. అందుకని రేవులో బండిని విడదీయకుండానే జతలు జతలుగా తలకిందులు చేసి ఖనిజం కుమ్మరిస్తారు. ఒక్కో ఇరుసు మీద 40 టన్నుల దాకా బరువు పడుతుంది. మన దగ్గర భారీ సరుకు లైన్ల మీద అనుమతించేది 25 టన్నులు.

ఆ బరువుకు పట్టా ఎలా తట్టుకుంటుంది? మొదట్లో తట్టుకోలేదు. 1970ల్లో మౌంట్ న్యూమన్ లైను మీద వంపుల్లో పట్టాలు అనుకున్నదానికంటే చాలా త్వరగా అరిగిపోయాయి. చక్రం అంచు ఆకారం ఎలా ఉండాలి, పట్టా తలను ఎప్పుడెప్పుడు ఎంత మందాన సాన పట్టాలి, ఏ ఉక్కు ఎంతకాలం మన్నుతుంది అన్న శాస్త్రంలో పెద్దభాగం ఈ నష్టం నుంచే పుట్టింది. పైపైన అరగదీస్తే లోపలి పగుళ్లు ఆగిపోయి పట్టా ఎక్కువకాలం బతుకుతుందన్నది మామూలు బుద్ధికి తలకిందులుగా కనిపించే సత్యం. దాన్ని పనిలో పెట్టి రుజువు చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. భారీ సరుకు రైళ్ల ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సు 1978లో పెర్త్‌లో జరిగింది. అదే వరస సదస్సు 2013లో ఢిల్లీకి వచ్చింది. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి గూడ్సు బండ్లను ఒకటిగా కలిపి కొండపల్లి నుంచి ‘త్రిశూల్’, రాయచూరు నుంచి మణుగూరుకు ‘గరుడ’ నడిపింది. ఒక్కోదానిలో 177 వ్యాగన్లు. 2022 ఆగస్టు 15న 295 వ్యాగన్లతో ‘సూపర్ వాసుకి’ మూడున్నర కిలోమీటర్ల పొడవున బొగ్గు మోసింది. పిల్‌బరాలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతే, మన రద్దీ లైన్లకు తగినట్టు మలిచి వాడారు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ రైళ్లకు లాగడం కంటే ఆపడం కష్టం. గనులు ఎత్తున ఉంటాయి, రేవు సముద్రం ఒడ్డున. టామ్ ప్రైస్ ఊరు 747 మీటర్ల ఎత్తున ఉంది, ఆ రాష్ట్రంలో అంతకంటే ఎత్తైన ఊరు లేదు. ఖాళీ బండి ఎగువకు పోతుంది, నిండు బండి దిగువకు జారుతుంది. 30 వేల టన్నుల బరువు వాలులోకి దిగుతుంటే డ్రైవరు పనంతా దాన్ని పట్టి ఉంచడమే. మన అనంతగిరి ఘాట్ దిగే ఖనిజం బండి లోకో పైలట్‌కు ఈ భయం కొత్తది కాదు.

2018 నవంబరు 5 తెల్లవారుజామున ఆ భయం నిజమైంది. బీహెచ్‌పీ న్యూమన్ లైను మీద 268 వ్యాగన్ల నిండు బండిలో బ్రేకుల విద్యుత్ తీగ సంకేతం తెగింది. బ్రేకులు వాటంతటవే పడి బండి ఆగింది. డ్రైవరు కిందికి దిగి చేతి బ్రేకులు బిగించడం మొదలుపెట్టాడు. గంట గడిచేసరికి ఆ ఎలక్ట్రానిక్ వ్యవస్థ తన గడువు ముగిసిందనుకుని మూతపడింది, పట్టి ఉన్న బ్రేకుల్ని వదిలేసింది. డ్రైవరు నేల మీద ఉండగానే బండి కదిలిపోయింది. ఎవరూ లేని ఇంజన్లు ఎడారిలో 90 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాయి. వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటింది. చివరికి 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్‌లో కూర్చున్న సిబ్బంది, టర్నర్ అనే చోట పాయింట్లు మార్చి కావాలనే దాన్ని పట్టాలు తప్పించారు. అప్పటికి పోర్ట్ హెడ్‌లాండ్ ఇంకా 119 కిలోమీటర్ల దూరం. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. దారి పొడవునా మనుషులే లేకపోవడం ఆ రోజు కాపాడింది. ఇదే కొత్తవలస దగ్గర జరిగి ఉంటే ఎలా ఉండేదో ఊహించడానికి నాకు మనసొప్పదు. దర్యాప్తు నివేదిక చదివితే తేలేది ఒక్క మనిషి తప్పు మాత్రమే కాదు. రైలు ఆగి ఉన్నప్పుడు ఏ బ్రేకు దాన్ని పట్టి ఉంచుతోంది, అది ఎంతసేపు పట్టి ఉంచుతుంది అన్న సంగతి నేల మీద నిలబడ్డ మనిషికి తెలిసేలా ఆ వ్యవస్థను కట్టలేదు.

ఈ ప్రమాదానికి నాలుగు నెలల ముందే పక్క కంపెనీ డ్రైవర్నే తీసేసింది. 2018 జూలై 10న రియో టింటో 28 వేల టన్నుల ఖనిజంతో టామ్ ప్రైస్ నుంచి కేప్ లాంబర్ట్‌కు 280 కిలోమీటర్లు, ఇంజనులో మనిషి లేకుండా బండి నడిపింది. ఆ పథకం పేరు ఆటోహాల్, ఖర్చు 94 కోట్ల అమెరికా డాలర్లు. మరుసటి ఏడాదికల్లా దాదాపు 1,700 కిలోమీటర్ల వలయం అంతా అలాగే నడుస్తోంది. కంపెనీ చెప్పిన కారణాల్లో నాకు బలంగా తోచింది డ్రైవర్ల మార్పిడి గురించిన మాట. ఒక్కో బండి ప్రయాణంలో డ్రైవర్ను మార్చడానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చేది. వాళ్లను ఎడారి దారుల్లో అటూ ఇటూ చేరవెయ్యడానికే కార్లు ఏడాదికి 15 లక్షల కిలోమీటర్లు తిరిగేవి. ఆ దారుల మీద రాత్రివేళ కారు నడపడం ఇంజనులో కూర్చోవడం కంటే ప్రమాదం. యంత్రం నిద్రపోదు, వేగం హద్దు దాటదు. అలాగని దానికి అన్నీ కనిపిస్తాయని అనలేం. 2024 మే నెలలో కరాత ఊరికి దూరంగా, మనిషి లేని బండి ఒకటి పట్టాల మీద చెడిపోయి ఆగిన వ్యాగన్లను గుద్దుకుంది. ఈసారి కూడా ఎవరికీ గాయం కాలేదు. డ్రైవర్లు పోవడం గురించి కార్మిక సంఘాల దిగులు న్యాయమైనదే. కానీ ఆ పని పిల్‌బరా ఊళ్లను నిలబెట్టిందా అంటే, అంతకుముందే విమానాల్లో వచ్చి రెండు వారాలు పనిచేసి పెర్త్‌కు వెళ్లిపోయే పద్ధతి ఆ ఊళ్లను సగం ఖాళీ చేసేసింది. రైలుతో పాటు రైలు మనిషి కూడా ఆ నేలకు అతిథి అయిపోయాడు.

ఇక లైను ఎవరిదన్న ప్రశ్న. 1960ల ఒప్పందాల్లో ఇతరుల సరుకు కూడా మొయ్యాలన్న షరతులు ఉన్నా ఆచరణలో ఆ దారి కంపెనీ గేటు దాటి బయటికి రాలేదు. 2003లో ఆండ్రూ ఫారెస్ట్ స్థాపించిన ఫార్టెస్క్యూ, 2004లో బీహెచ్‌పీ లైను మీద తన బండ్లను నడపనివ్వాలని జాతీయ పోటీ మండలికి అర్జీ పెట్టింది. తరవాత రియో టింటో లైన్లనూ అడిగింది. పాత కంపెనీల వాదన సూటిగా ఉంది: ఇది రైల్వే కాదు, మా కార్ఖానాలో కన్వేయరు బెల్టు. మధ్యలో ఇంకొకరి సరుకు పెడితే మొత్తం వరస చెడుతుంది. ఇంజనీరింగ్ లెక్కలో ఈ మాట నిజమే. పాసింజరు కోసం లూపులో గంటలు నిలబడే మన ఖనిజం రేకును చూస్తే అందరి లైనుకూ ఒక ఖరీదు ఉంటుందని తెలుస్తుంది. అర్జీ 2012లో దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయి, మరుసటి ఏడాది ట్రిబ్యునల్ దగ్గర ఆగిపోయింది. ఈలోగా ఫార్టెస్క్యూ తన లైను తానే వేసుకుని 2008లో ఓడ నింపింది. 2015లో హాంకాక్ కూతురు జీనా రైన్‌హార్ట్ రాయ్ హిల్ గని నుంచి ఇంకో 344 కిలోమీటర్లు వేసింది. ఒకే రేవుకు, ఒకే దిక్కుగా, మూడు కంపెనీలకు మూడు లైన్లు. 2013లో బ్రాక్‌మన్ అనే చిన్న కంపెనీ ఫార్టెస్క్యూ లైనులో చోటడిగితే, ఒకప్పుడు తలుపు తట్టినవాళ్లే ఈసారి కోర్టులో తలుపు మూసే పక్షాన నిలబడ్డారు. నా మటుకు నాకు, ఒకే నేలను మూడుసార్లు కోసి వేరువేరు పట్టాలు పరచడంలో ఉన్న నష్టం, గంట ఆలస్యం తెచ్చే నష్టం కంటే పెద్దది. కంపెనీల లెక్కల పుస్తకంలో మొదటిదానికి గడి లేదు.

టామ్ ప్రైస్ నుంచి కరాత వైపు పోయే లైను పక్క మట్టిరోడ్డు కూడా కంపెనీదే. దాని మీద కారు వెళ్లాలంటే పర్మిటు తీసుకోవాలి, ముందుగా భద్రత గురించిన వీడియో చూడాలి. తరతరాలుగా అక్కడున్న వాళ్ల బంధువులైనా సరే.

రెండో పట్టా, అంటే నేల కాగితం, మొదటి పట్టా కంటే చాలా ఆలస్యంగా వచ్చింది. పట్టాలు పరిచింది 1966లో. ఆస్ట్రేలియా చట్టం ఆదివాసులకు భూమి మీద హక్కు అసలుందని ఒప్పుకున్నది 1992లో, మాబో తీర్పుతో. ఆ లైన్లు పరిచిన చేతుల్లో టోరెస్ జలసంధి దీవుల ఆదివాసులవి ఎన్నో. 1968 మే 8న మౌంట్ న్యూమన్ లైను మీద వాళ్లు ఒక్క పగటిపూట 7 కిలోమీటర్ల పట్టాలు పరిచి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆ రికార్డు గురించి ఎంతమందికి తెలుసు? 682 వ్యాగన్ల రైలు గురించి తెలిసినవాళ్లలో నూటికి ఒక్కరికైనా తెలియాలని నా కోరిక.

యిండ్జిబార్ండి ప్రజలు ఫార్టెస్క్యూ సాలమన్ గనులున్న నేల మీద సంపూర్ణ హక్కు తమదని 2017లో ఫెడరల్ కోర్టులో గెలిచారు. గనులు అప్పటికే తవ్వేశారు, రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. 2020లో కంపెనీ అప్పీలును పైకోర్టు వినలేదు, ఆ తరవాత పరిహారం కేసు నడిచింది. అదే 2020 మే 24న రియో టింటో, గని విస్తరణ కోసం, జూకన్ లోయలోని రెండు రాతి గుహలను పేల్చేసింది. అందులో ఒకటి 46 వేల ఏళ్లుగా మనుషులు వాడుతూ వచ్చిన నీడ. అక్కడి తవ్వకంలో 4 వేల ఏళ్లనాటి అల్లిన జుట్టు ముక్క దొరికింది. దాని జన్యువులు నేటి పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలతో కలిశాయి. పేల్చడానికి చట్టప్రకారం అనుమతి ఉంది. దాని వల్ల అందిన ఖనిజం 80 లక్షల టన్నులు. 28 వేల టన్నుల బండ్లు మూడు వందలు కూడా నిండవు. ఆ కంపెనీ ఎగుమతిలో అది తొమ్మిది, పది రోజుల సరుకు. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కంపెనీ అధిపతి, ఇద్దరు పెద్ద అధికారులు పదవులు వదిలారు.

మనకూ ఈ ప్రశ్న పరాయిది కాదు. కె.కె. లైను పోయే బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీదే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీయేతర ప్రైవేటువాళ్లకు లీజులు చెల్లవంది. 2019లో బైలడిల్లాలో 13వ నిక్షేపం తవ్వడానికి వ్యతిరేకంగా వేల మంది ఆదివాసులు కిరండూల్‌కు నడిచి వచ్చి తమ దేవుడి కొండ ముట్టొద్దన్నారు.

ధూళి విషయంలోనూ ఇద్దరం బంధువులం. విశాఖ పాత ఊళ్లో, రేవు దగ్గర కిటికీ చువ్వల మీద వేలు రాస్తే వచ్చే ఎరుపునలుపు పొడి నా చిన్ననాటి జ్ఞాపకం. పోర్ట్ హెడ్‌లాండ్ పడమటి వీధుల్లోనూ అదే. అక్కడ ఆ ధూళికి విసిగినవాళ్ల ఇళ్లను, గనుల కంపెనీల డబ్బుతో, ప్రభుత్వమే కొనే పథకం పెట్టారు. ఇష్టమైతే అమ్ముకుని వెళ్లిపోవచ్చన్నారు. విశాఖ జాలరిపేటలో ఆ మాట ఎవరూ అడగలేదు.

డీజిల్ సంగతి తొందరగా చెబుతాను. ఫార్టెస్క్యూ ఇంజన్లు ఒక్క ఏడాదిలో 8.2 కోట్ల లీటర్లు తాగాయి. నిండు బండి వాలు దిగేటప్పుడు పుట్టే శక్తిని బ్యాటరీలో పట్టి, ఖాళీ బండిని అదే శక్తితో ఎక్కించే ఇంజను తెస్తామని 2022లో ప్రకటించారు. ఊహ అందమైనది, భౌతికశాస్త్రం ఒప్పుకునేదే. కానీ ఆ ఖనిజం బొగ్గుతో కరిగి ఉక్కయ్యేటప్పుడు లేచే పొగ ముందు ఈ ఆదా చాలా కొంచెం.

2025 నవంబరులో పశ్చిమాఫ్రికాలోని గినియాలో సిమండూ గని లైను ప్రారంభమైంది. 600 కిలోమీటర్లకు పైగా, కొత్తగా అడవులూ కొండలూ దాటుతూ సముద్రానికి పోతుంది. పిల్‌బరాలో 1960ల్లో కాగితం దాటని ప్రశ్నను ఇక్కడ పట్టా పరచకముందే అడిగారు. రెండు కూటములు చెరొక లైను వెయ్యకుండా ఒకే లైనును పంచుకుంటాయి. అందులో 15 శాతం గినియా ప్రభుత్వానిది. ఇతరుల సరుకుకూ ప్రయాణికులకూ కూడా దాని మీద చోటుండాలన్నది ముందే అనుకున్న మాట. మొదటి ఖనిజం బండ్లు రేవుకు చేరాయి. దారిలోని పల్లెవాళ్లు టికెట్టు కొనుక్కుని ఎక్కే మొదటి పాసింజరు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాను.